గది దాటిన మాట

డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీ, రాయ్‌పూర్
6 జూలై 2014

అమ్మలూ,

ఏటే, చేరి మూడు వారాలైంది, ఒక్క ముక్క రాయకూడదా? మీ హాస్టల్‌కి ఫోన్ చేస్తే ఆ వార్డెన్ సూరమ్మ గారు "ఇది పేరెంట్స్ నంబరు కాదండీ" అంది. మేనత్తనండీ అన్నాను. "మేనత్తలు లిస్టులో లేరండీ" అని టక్కున పెట్టేసింది. నలభయ్యో ఏట నా బతుకు ఇలా తేలింది. ఇంక చేసేదేముంది, పోస్టాఫీసుకి పోయి ఇన్లాండ్ కవర్లు పది అడిగాను. కౌంటర్లో అమ్మాయి నన్ను పైనుంచి కిందదాకా చూసి, లోపలికెళ్ళి వెతికి తెచ్చింది.

ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. నా దగ్గరే ఉంటున్న మీ నాన్నమ్మ వాన లేని రెండు రోజులు చూసుకుని మా డాబా మీద వడియాలు పెట్టింది. సిల్తారా వైపు నుంచి గాలి కొట్టి అవి మళ్ళీ నల్లబడ్డాయి. ఫ్యాక్టరీల వాళ్ళని తెలుగులో తిట్టి, పక్కింటావిడ అర్థం కాలేదంటే ఆవిడ కోసం హిందీలో ఇంకోసారి తిట్టింది. నీ సైకిల్‌కి మీ అమ్మ కవర్ తొడిగింది. మీ నాన్న డ్యూటీలే డ్యూటీలు. నిన్న బిలాస్‌పూర్, ఇవాళ భాటాపారా.

స్కూలు తెరిచారు. నా గది ముందు క్యూ మొదలైంది. "మేడమ్, ఏ లైన్ తీసుకోవాలి?" ఇదొక్కటే పాట. నిన్న ఒక తండ్రి కొడుకుని పక్కన పెట్టి కుర్చీలో తనే కూర్చుని అరగంట తన చిన్నప్పటి కలలు చెప్పాడు.

ఇక అసలు సంగతి. నువ్వు నా మీద మూతి ముడుచుకున్నావని తెలుసు. స్టేషన్‌లో అందరికీ చెయ్యి ఊపి నాకు ఊపలేదు. నువ్వు నాతో అన్న మాట మీ నాన్నతో అన్నాను, నిజమే. నీ మంచికే అన్నాననుకో. అన్నయ్యతో నెమ్మదిగా చెప్పి ఒప్పించొచ్చు అనుకున్నాను. ఆయన అలా నిన్ను పట్టుకెళ్ళి విశాఖపట్నంలో పడేస్తాడని కలగన్నానా? అయిందేదో అయింది. ఇంటరేగా, రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి. బుద్ధిగా చదువుకో.

జవాబు రాయి. లేకపోతే రైలెక్కి వచ్చేస్తాను, ఆ సూరమ్మ గారి లిస్టు సంగతి నేనే చూస్తాను.

మీ ఫణత్త


గర్ల్స్ హాస్టల్, మర్రిపాలెం, విశాఖపట్నం
27 జూలై 2014

కౌన్సిలర్ మేడమ్ ఫణిశ్రీ గారికి,

మీ మాజీ విద్యార్థిని అమూల్య, టెన్త్ బి సెక్షన్, నమస్కరించి రాయునది.

ఏప్రిల్ పదకొండో తారీకు, శుక్రవారం, పదకొండో తరగతిలో ఏ లైన్ తీసుకుంటామో రాసే ఫారాలు చూసి మీరు నన్ను మీ గదిలోకి పిలిచారు. తలుపు వేశారు. "ఇక్కడ చెప్పిన మాట ఈ గది దాటదు" అన్నారు. గోడ మీద హిందీలో బోర్డు కూడా ఉంది, మీ చేతిరాతే. అప్పుడు నేను ఇంట్లో ఎవరితోనూ అనని మాట మీతో అన్నాను. ఐ.టి.ఐ.లో చేరతాను, పద్దెనిమిది నిండాక అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాస్తాను, నాన్నలాగా ఇంజన్ నడుపుతాను అని. మీరు నవ్వలేదు. "ఎందుకు" అని మాత్రం అడిగారు. నాకు ఎంత సంతోషం వేసిందో మీకు తెలియదు.

పదమూడో తారీకు, ఆదివారం, మా ఇంట్లో భోజనానికి వచ్చారు. పప్పుచారు కలుపుకుంటూ "అన్నయ్యా, నీ కూతురు నీ సీటుకే ఎసరు పెడుతోంది" అన్నారు. అని నవ్వారు. నాన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. పది రోజుల్లో ఇక్కడ సీటు కొన్నారు. నాతో ఒక్క మాట అనలేదు, ఎందుకని కూడా అడగలేదు.

"నెమ్మదిగా చెప్పి ఒప్పించొచ్చు అనుకున్నాను" అని మీరు రాశారు. అది నెమ్మదిగా చెప్పడమా? అది జోక్. మీకు మంచి జోక్ దొరికింది, వేసేశారు.

ఇంకా రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి అని రాశారు. పొద్దున్న అయిదింటికి లేపి రాత్రి పదింటి దాకా కూర్చోబెడతారు. ఎంతలో గడుస్తాయో మీరు ఒక వారం ఉండి చూడండి.

ఉత్తరాలు ఇక్కడ విప్పి చూడరు. ఈ రోజుల్లో ఎవరు రాస్తారులే అని.

ఇట్లు,
అమూల్య


రాయ్‌పూర్
10 ఆగస్టు 2014

అమూల్యా,

నీ ఉత్తరం ఇవాళ్టికి ఆరుసార్లు చదివాను. తల కొట్టేసినట్టుంది. నువ్వు రాసింది రాసినట్టు నిజం. ఒక్క తారీకు కూడా తప్పు లేదు.

క్రితం ఉత్తరంలో నేను బుకాయించాను. ఒప్పించాలనీ లేదు, నీ మంచీ లేదు. నోటికొచ్చింది, అనేశాను. ఎందుకన్నానా అని నాలుగు నెలలుగా ఆలోచిస్తున్నాను. నాకు తెలిసినంత వరకు చెప్తాను, విను.

పన్నెండేళ్ళు హిందీ టీచర్‌గా చేశాను. పాఠం కంటే పిల్లలు పాఠం అయ్యాక వచ్చి చెప్పే కబుర్లే బాగుండేవి నాకు. అందుకే ముప్పై ఏడేళ్ళకి, అందరూ నవ్వుతున్నా, డిప్లొమా చేసి ఈ గదిలోకి వచ్చాను. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా హిందీలోనే. ఎలా వినాలి, ఎక్కడ ఆగాలి, ఏది బయటికి పోకూడదు, అన్నీ. ఇన్నాళ్ళలో ఏ పిల్లా నాతో ఆ గదిలో తెలుగులో మాట్లాడలేదు. నువ్వు కూర్చుని "అత్తా, ఒకటి చెప్పాలి" అన్నావు. బస్, నాలో కౌన్సిలర్ అప్పుడే లేచి వెళ్ళిపోయింది. మిగిలింది మీ ఫణత్త. నా మేనకోడలు నాతో మనసులో మాట చెప్పుకుందని పొంగిపోయి రెండు రోజులు తిరిగాను. వంటింట్లో విన్న కబురుని భోజనాల దగ్గర చెప్పుకోవడం మన ఇంటి అలవాటు. చిన్నప్పటి నుంచీ మన ఇంట్లో ఏ మాటకి తలుపు ఉంది? హిందీ పిల్ల ఎవరైనా అదే మాట చెప్పి ఉంటే, ప్రాణం పోయినా నా నోటి నుంచి వచ్చేది కాదు. నీకు మాత్రం అన్యాయం చేశాను. నా ఇంటి పిల్లవని చేశాను.

తప్పయింది అమ్మలూ. సాకు లేకుండా అంటున్నాను. నన్ను క్షమించమని అడగను, అది నీ ఇష్టం.

బోర్డు తీసేశాను. దాన్ని చూస్తే సిగ్గేస్తోంది. మా స్కూల్లో వీరేంద్ర సర్ ఎందుకు తీశారని అడిగారు. సున్నం కొట్టించాలి అని అబద్ధం చెప్పాను.

పొద్దున్నే మీ ఇంటి వైపు నుంచి సైకిల్ బెల్లు ఎవరిది వినిపించినా కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు లేవని తెలిసే వెళ్తున్నాను.

ఫణిశ్రీ


విశాఖపట్నం
21 సెప్టెంబరు 2014

ఫణత్తకి,

జవాబు వెంటనే రాయకూడదనుకున్నాను. నెల ఆగాను. ఇంక ఆగలేకపోయాను.

నాకు ఇక్కడ ఏం బాగోలేదు. అందరూ తెలుగే మాట్లాడతారు, నాకే మాట్లాడటానికి ఎవరూ లేరు. నేను "అలమారీ తాళం ఏక్‌దమ్ గడబడ్ అయిపోయింది" అంటే గది గదంతా నవ్వింది. ఇప్పుడు నన్ను "హిందీ పిల్ల" అంటారు. రాయ్‌పూర్‌లో పదహారేళ్ళు తెలుగువాళ్ళ అమ్మాయిని, ఇక్కడికొచ్చి హిందీ పిల్లనయ్యాను. నువ్వు రాసిన తెలుగూ హిందీ సంగతి చదివినప్పుడు కోపం వచ్చింది గానీ, తరవాత కొంచెం అర్థమైంది. కొంచెమే.

రోజూ ఇడ్లీ పెడతారు. నాకు మన కాలనీ గేటు దగ్గర బండి మీద పేపర్లో పెట్టి ఇచ్చే పోహా కావాలి. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు, సేవ్ వేసి. అటుకులేగా, ఇక్కడ ఉప్మా కూడా పోహాలాగే ఉంటుందిగా అంటారు వీళ్ళు. ఎలా ఉంటుంది?

ఒక్కటి మాత్రం బాగుంది. హాస్టల్ వెనకాల గోడ, దాని వెనకాల రైలు పట్టాలు. క్లాసులో కూర్చుని కళ్ళు మూసుకున్నా ఏ ఇంజనో నాకు తెలుస్తుంది. గూడ్సు బరువుతో పోతోందా, ఖాళీగా పోతోందా అన్నది కూడా. మొన్న ఫిజిక్స్ సర్ "ఎక్కడున్నావమ్మా" అన్నారు. "యాభై ఎనిమిది వ్యాగన్ల వెనకాల" అనేశాను. బయట నిలబెట్టారు. అక్కడ ఇంకా బాగా వినిపించింది.

ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు, సూరమ్మ మేడమ్ ముందే. నాన్న "చదువుతున్నావా" అంటారు. "ఊఁ" అంటాను. అమ్మకి ఇచ్చేస్తారు. నాకు ఆయన మీద కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ అత్తా. చిన్నప్పుడు నన్ను లోకో షెడ్‌కి తీసుకెళ్ళి, ఇంజన్ ఎక్కించి, హారన్ కొట్టించింది ఆయనే కదా. మరి నాకు అదే కావాలంటే ఎందుకంత భయం? ఆడపిల్లననా? ఆడవాళ్ళు కూడా నడుపుతున్నారు కదా. డ్రైవర్ ఉద్యోగం నామోషీ అనా? మరి తను చేస్తున్నది? నాతో చెప్పొచ్చు కదా. నన్ను ఇంత దూరం పంపించే బదులు ఒక్క మాట చెప్పొచ్చు కదా.

ఆయన ఎందుకు ఇలా చేశారో తెలిస్తే నేను ఇక్కడ ఉండగలను. తెలియకుండా ఉండటమే కష్టంగా ఉంది.

నువ్వు వీలైతే ఇంకా రాయి.

అమూల్య


రాయ్‌పూర్
9 నవంబరు 2014

అమ్మలూ,

నీకు ఒక విషయం రాయాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకున్నాను. ఆఖరికి మీ నాన్ననే అడిగాను. "వచ్చానని రాయి, ఏం చెప్పానో రాయకు" అన్నాడు. కాబట్టి అంతవరకే రాస్తున్నాను.

గురువారం మూడో పీరియడ్‌లో మా ప్యూన్ ఉమేష్ వచ్చి "మేడమ్, ఒక పేరెంట్ వచ్చారు" అన్నాడు. చూస్తే మా అన్నయ్య! డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద మసి. విజిటర్స్ రిజిస్టర్‌లో పేరు రాశాడు. మోహనకృష్ణ అని. నా గది ముందు ఇద్దరు తల్లుల వెనకాల క్యూలో కూర్చున్నాడు. "ఏంటన్నయ్యా, లోపలికి రా" అంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. తన వంతు వచ్చేదాకా రాలేదు.

వచ్చి తలుపు తనే వేశాడు. కుర్చీలో కూర్చున్నాడు. నా మొహం చూడకుండా "మేడమ్, ముఝే కుఛ్ బోల్నా హై" అన్నాడు. ఆ రోజు నువ్వు "ఒకటి చెప్పాలి" అన్నట్టే, కాకపోతే హిందీలో.

నలభై ఏళ్ళలో మా అన్నయ్య నాతో హిందీలో మాట్లాడటం అదే మొదటిసారి. ముందు నవ్వొచ్చింది. తరవాత తెలిసింది, ఆయన నాతో మాట్లాడటానికి రాలేదని. కౌన్సిలర్‌తో మాట్లాడటానికి వచ్చాడు. చెల్లెలికి చెప్పలేని మాట చెప్పుకోవడానికి వచ్చాడు. నలభై నిమిషాలు చెప్పాడు. నేనూ హిందీలోనే రెండు మూడు మాటలు అడిగాను. అంతా అయ్యాక మొహం తుడుచుకుని, "థాంక్యూ మేడమ్" అని వెళ్ళిపోయాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి మామూలుగా "టీ పెట్టవే" అన్నాడు.

నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు ఆయన చెప్పినదాంట్లోనే ఉంది. కానీ నేను నీకు చెప్పను అమ్మలూ. ఇంకోటి మాత్రం రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. ఆయనకి నీ మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు.

అత్త


విశాఖపట్నం
23 నవంబరు 2014

అత్తా,

నిజంగానా? నిజంగా ఇలా రాశావా?

నా మాట ఆయనకి చెప్పడానికి రెండు రోజులు పట్టలేదు నీకు. ఆయన మాట నాకు చెప్పడానికి మాత్రం నియమాలు అడ్డొచ్చాయి. నేను అన్నది చిన్నపిల్ల మాట, అన్నం తింటూ పంచుకోవచ్చు. ఆయన అన్నది పెద్దవాళ్ళ మాట, దాచిపెట్టాలి. ఇదేనా నువ్వు నేర్చుకున్న చదువు?

జవాబు నీ దగ్గర ఉందని తెలిశాక నాకు ఇంకా నరకంగా ఉంది. మొన్న వీక్లీ టెస్ట్‌లో కూర్చుని అదే ఆలోచిస్తూ ఖాళీ పేపర్ ఇచ్చేశాను. నూట ఎనభైలో నలభై రెండో ర్యాంకులో ఉండేదాన్ని, ఇప్పుడు నూట ముప్పై. కావాలంటే ఇది కూడా ఆయనకి చెప్పు.

ఇది నా జీవితం గురించిన మాట. నాకు తెలుసుకునే హక్కు లేదా? నువ్వు నాకు బాకీ ఉన్నావు అత్తా. ఆ బాకీ తీర్చుకోవడానికి నీకు ఒక అవకాశం ఇస్తున్నాను. ఆయన ఏం చెప్పారో రాయి. ఎవరికీ చెప్పను, ఆయనకి తెలియనివ్వను.

రాయకపోతే నాకు ఇంక ఉత్తరాలు రాయొద్దు.

అమూల్య


రాయ్‌పూర్
7 డిసెంబరు 2014

అమ్మలూ,

చెప్పను.

రాయడానికి కూర్చుని రెండుసార్లు సగం దాకా రాసేశాను కూడా. నువ్వు మళ్ళీ నాతో మాట్లాడతావని ఆశ. ఆ ఆశతోనే రాశాను, అందుకే చింపేశాను. నీకు చేసింది మీ నాన్నకి చేస్తే, నేను నీకు చేసిన తప్పు నుంచి ఏమీ నేర్చుకోనట్టే.

ఆ మాట నీకు తెలియాలి, నువ్వన్నది నిజం. కానీ తెలియాల్సింది నా నుంచి కాదు. అన్నయ్యకి చెప్పాను. తెలుగులోనే, టీ ఇస్తూ చెప్పాను. "నువ్వే రాయి అన్నయ్యా, అది నీ కూతురు" అన్నాను. ఇన్లాండ్ కవర్లు రెండు ఇచ్చాను. "నాకు తెలుగు రాయడం ఎక్కడొచ్చే" అన్నాడు. జేబులో మాత్రం పెట్టుకున్నాడు.

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. చదవకుండా పారేసినా సరే.

అత్త


రాయ్‌పూర్
18 జనవరి 2015

అమ్మలూ,

నీ ఉత్తరం లేదు. ఎదురుచూస్తున్నానని చెప్పడానికి రాయట్లేదు. చూస్తున్నాను, అది వేరే సంగతి.

ఈ వారం బీర్‌గావ్ నుంచి ఒకావిడ వచ్చింది. భర్త ఉర్లాలో ఫ్యాక్టరీ పని. కూతురు తొమ్మిదో తరగతి, వారం కిందట నా గదిలో గంట కూర్చుని ఏడ్చి వెళ్ళింది. ఏం చెప్పిందో చెప్పమని ఆవిడ బతిమాలింది. దండం పెట్టింది. నేనూ దండం పెట్టాను, చెప్పనన్నాను. "నీకు పిల్లలుంటే తెలిసేది మేడమ్" అనేసి వెళ్ళిపోయింది. నువ్వు ఏడాది పిల్లప్పటి నుంచి నా పక్కలో పడుకునే పెరిగావు కదా. నాకు తెలుసు అని ఆవిడతో ఎలా చెప్పను?

శుక్రవారం ఆ తల్లీ కూతురూ కలిసి వచ్చారు. పిల్లే తల్లికి చెప్పుకుంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, అంతే.

బోర్డు మళ్ళీ పెట్టాను. హిందీ కింద తెలుగులో కూడా రాశాను. ఇక్కడ చదివేవాళ్ళు ఎవరూ లేరు, నేను తప్ప.

అత్త


రాయ్‌పూర్
15 ఫిబ్రవరి 2015

అమ్మలూ,

ఇవాళ రాయడానికి విశేషం ఏమీ లేదు. నిన్ను చూడాలనుంది. నీ గొంతు వినాలనుంది. ఆదివారం మీ ఇంటికి ఫోన్ టైముకి వెళ్ళి మీ అమ్మ పక్కన నిలబడుతున్నాను. నీ మాటలు గుసగుసగా వినిపిస్తాయి, ఏమన్నావో తెలియదు. మీ అమ్మ ఫోన్ నాకివ్వబోతే వద్దంటాను. నువ్వు పెట్టేస్తావేమోనని భయం.

పరీక్షలు దగ్గరికొచ్చాయి. బాగా రాయి.

అత్త


విశాఖపట్నం
30 మార్చి 2015

అత్తా,

పరీక్షలు అయిపోయాయి. అందుకని రాయట్లేదు. నాన్న ఉత్తరం వచ్చింది.

మూడు కవర్లు వేశారు, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు పెట్టి. మూడోది మధ్యలో ఆగిపోయింది, నాలుగోది మర్నాడు వచ్చింది. తెలుగు అక్షరాలు, మధ్యలో రానివి హిందీలో. కొట్టివేతలు చూస్తేనే తెలుస్తోంది ఎన్ని డ్యూటీల్లో కూర్చుని రాశారో.

నీకు తెలుసు కదా. అయినా నేను రాస్తాను, ఎవరితోనైనా చెప్పాలి.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు. పొద్దున్న ఎనిమిదింటికి, తిల్దా దాటాక. లోడు గూడ్సు. మలుపు తిరగగానే పట్టాల మధ్య ఒక ఆడమనిషి నిలబడి ఉంది. దాటుతున్నది కాదు, నిలబడి ఉంది. నాన్న హారన్ కొట్టారు, బ్రేక్ వేశారు. అంత బరువు బండి ఆగడానికి కిలోమీటరు పడుతుందని నాన్నకి తెలుసు. ఆవిడ కదల్లేదు. ఇంజన్ వైపే చూస్తోంది. "ఆ మొహం నాకు మన బంధువుల మొహాల కంటే బాగా తెలుసు" అని రాశారు. దిగి, చూసి, కాగితాలు రాసి, వేరే డ్రైవర్ లేడంటే మళ్ళీ ఎక్కి అదే బండి భాటాపారా దాకా నడిపారు.

ఆ రోజు నాకు గుర్తుంది అత్తా. నాన్న వచ్చి బాత్రూంలో గంటసేపు నీళ్ళు పోసుకున్నారు. బయటికి రాగానే నా ప్రోగ్రెస్ కార్డు చూపించబోయాను. చేత్తో తోసేశారు. నా మార్కులు తక్కువని అనుకున్నాను. ఎనిమిదేళ్ళుగా అదే అనుకుంటున్నాను. ఆ తరవాత ఆయన నన్ను ఎప్పుడూ షెడ్‌కి తీసుకెళ్ళలేదు, అది కూడా నా మార్కుల వల్లే అనుకున్నాను.

ఆ తరవాత ఇంకో ఇద్దరు. అవి రాయలేదు, ఇద్దరు అని మాత్రం రాశారు.

"నీకు ఇంజనీరింగ్ ఇష్టమని పంపలేదు. నా సీటుకి ఎంత దూరం అయితే అంత దూరం పంపాను. నువ్వు ఆ సీట్లో కూర్చుంటే ఆ మనిషి నీకు కనిపిస్తుంది. నేను ఎవరితోనూ చెప్పలేదు. మీ అమ్మకి తెలియదు. ఫణి చెప్పమంది" అని రాశారు. ఆఖర్న, "ఇప్పుడు నీకు తెలుసు. ఐ.టి.ఐ. అన్నా ఇంటర్ అన్నా ఫారం మీద సంతకం పెడతాను" అని.

నువ్వు నాకు రాసి ఉంటే ఇది నాకు కబురు అయ్యేది. ఆయన రాశారు కాబట్టి మా నాన్న దొరికారు. నాలుగు నెలలు నీకు రాయకుండా నిన్ను ఏడిపించాను. నేనూ ఏడ్చాను, అది వేరే సంగతి. తప్పయింది అత్తా.

ఇప్పుడు అడుగుతున్నాను. నాకు ఇంకా ఇంజనే కావాలి. భయం వేస్తోంది. మొన్న గోడ వెనకాల గూడ్సు హారన్ ఆపకుండా కొడితే చెవులు మూసుకున్నాను. అయినా కావాలి. కావాలో, నాన్న కోసం కావాలనుకుంటున్నానో కూడా తెలియట్లేదు. జూన్‌లో రాయ్‌పూర్‌లోనే ఐ.టి.ఐ.లో చేరొచ్చు, ఇంట్లోనే ఉండొచ్చు. లేకపోతే ఇక్కడే ఇంకో ఏడాది ఉండి ఇంటర్ పూర్తి చేసి అప్పుడు ఆలోచించొచ్చు. ఏప్రిల్ పద్దెనిమిదిన సెలవులకి వస్తున్నాను. ఈలోగా నువ్వు చెప్పు. రానా అత్తా? వచ్చెయ్యనా? నువ్వు ఏమంటే అదే చేస్తాను.

నీ అమ్మలు


రాయ్‌పూర్
5 ఏప్రిల్ 2015

అమ్మలూ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మీ నాన్నమ్మ కంగారుపడి "ఎవరికేమైందే" అని అరిచింది. ఎవరికీ ఏమీ కాలేదమ్మా, అమ్మలు ఉత్తరం రాసింది అన్నాను. అంత మాత్రానికి ఏడుస్తారా అంది. ఏడుస్తారు మరి.

"వచ్చెయ్యనా" అని అడిగావు. దానికి ఇప్పటికి మూడు జవాబులు రాశాను. మొదటిది "వచ్చెయ్" అని ఒక్కటే మాట. పోస్టు డబ్బా దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాను. రెండోది బాగా ఆలోచించి రాశాను. కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు ఐ.టి.ఐ. లాభాలు, ఇంకోవైపు ఇంటర్ లాభాలు. ఎంత న్యాయంగా రాశానో అని మురిసిపోయి లెక్కపెడితే, ఒకవైపు తొమ్మిది, ఇంకోవైపు మూడు. తొమ్మిది ఏ వైపో నీకు వేరే చెప్పాలా? "నాన్నమ్మ చేతి వంట" అని కూడా రాశాను, సిగ్గులేకుండా, అయిదో నంబర్లో. మూడోది ఇదే.

నా గదిలో ఇప్పటిదాకా మూడు వందల మంది పిల్లలు కూర్చుని ఉంటారు. ఒక్కరిని కూడా మా ఇంటికి వచ్చెయ్ అనాలనిపించలేదు. నీతో అదొక్కటే అనాలని ఉంది. నాకు నువ్వు కావాలే. పొద్దున్న లేవగానే కావాలి, బడి నుంచి రాగానే కావాలి. ఈ పది నెలలూ నేను ఎలా ఉన్నానో నాకే తెలుసు. అందుకే నేను నీకు సలహా ఇవ్వడానికి పనికిరాను. ఇంజన్ మంచిదా కాదా అని నువ్వు అడుగుతుంటే, నా మనసు పిల్ల ఇంట్లో ఉంటుందా ఉండదా అని లెక్క వేస్తోంది. నువ్వు ఆ సీట్లో ఎక్కితే పడే భయం అంతా నీదే, నేను వచ్చి పంచుకోలేను. అలాంటి దానికి నా బెంగని తూకంలో వెయ్యకూడదు. కిందటి ఏప్రిల్‌లో కూడా నిన్ను నా గదిలో నేను కూర్చోబెట్టుకోకుండా ఉండాల్సింది. అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది.

నాతో డిప్లొమా చేసిన షారోన్ అనే ఆవిడ ఇక్కడే ఇంకో స్కూల్లో నా పనే చేస్తోంది. గుంటూరు వైపు వాళ్ళు. తెలుగులో చెప్పినా హిందీలో చెప్పినా ఒకేలా వింటుంది, ఆ పని నా కంటే తనకి బాగా వచ్చు. ఇంజన్‌లో పనిచేసేవాళ్ళ భయాల గురించి రైల్వే ఆసుపత్రి డాక్టర్లతో కూడా కూర్చుంది. ఏప్రిల్ ఇరవై, సోమవారం, పది గంటలకి టైము అడిగాను. ఎవరి కోసమో చెప్పలేదు. నా మేనకోడలివని నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు, లేకపోతే లేదు. అసలు వెళ్ళాలనిపించకపోతే అది కూడా నీ ఇష్టమే. ఆ గంట ఖాళీగా పోయినా ఏం పర్వాలేదు.

వెళ్తానంటే స్కూటీ మీద నేనే తీసుకెళ్తాను. తలుపు దాకా వస్తాను. షారోన్ మర్యాదకి "మీరు కూడా రండి" అంటుందేమో. నేను రాను. బయట పేరెంట్స్ కూర్చునే చోట కూర్చుంటాను. గంట పట్టినా, మూడు గంటలు పట్టినా కూర్చుంటాను. నువ్వు బయటికి వచ్చాక లోపల ఏమన్నావని అడగను. ఆకలేస్తోందా అని మాత్రం అడుగుతాను.

అత్త